మన ఎండలకి కారులో హీటర్ ఎందుకంటారా?

జనవరిలో ఓ తెల్లవారుజామున అమ్మానాన్నలతో ఎర్రుపాలెం నుంచి భద్రాచలం బయల్దేరాం. మధిర, వైరా, తల్లాడ హాయిగా దాటేశాం. జూలూరుపాడు తర్వాత చెట్ల మధ్య పొగమంచు కమ్మేసింది. మా ఊపిరికే అద్దం లోపలివైపు తెల్లగా ఆవిరి పట్టింది. నాన్న తువ్వాలుతో తుడుస్తూనే ఉన్నారు, అది మళ్లీ పడుతూనే ఉంది. ఎదురుగా వచ్చే లారీ దగ్గరికొచ్చేదాకా కనబడలేదు. హీటర్ నాబ్ ఎర్ర గీత వైపు తిప్పితే వచ్చింది చల్లగాలే! ఇక లాభం లేదని బండి పక్కకి ఆపి, తెల్లారేదాకా కూర్చున్నాం.

తర్వాత షెడ్డుకి తీసుకెళ్తే అసలు సంగతి తెలిసింది. అది సెకండ్ హ్యాండ్ బండి. హీటర్ కోర్ కారుతోందని ఎవరో గతంలో దాని గొట్టాలు రెండూ ఒకదానికొకటి కలిపేశారు. ‘మన దగ్గర హీటర్ ఎవరు వాడతారు తమ్ముడూ?’ అన్నాడు మెకానిక్. మే నెల ఎండలు తల్చుకుంటే నిజమే అనిపించింది. కానీ ఈ సిస్టమ్ ఎలా పనిచేస్తుందో చదివాక నా అభిప్రాయం మారింది.

వేడి ఎక్కడిది?

పెట్రోలు, డీజిల్ బండ్లలో హీటర్ వేడిని కొత్తగా పుట్టించదు. ఇంజిన్ వదిలేసే వేడినే వాడుకుంటుంది. వాటర్ పంపు కూలెంట్‌ని ఇంజిన్ చుట్టూ తిప్పుతుంది. ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా థర్మోస్టాట్ ఆ కూలెంట్‌ని ముందున్న రేడియేటర్‌లోకి వెళ్లనివ్వదు. కూలెంట్ వేడెక్కడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి స్టార్ట్ చేసిన వెంటనే వేడిగాలి రాదు. వేడెక్కిన కూలెంట్‌లో కొంత రెండు రబ్బరు గొట్టాల ద్వారా డ్యాష్‌బోర్డ్ వెనకున్న హీటర్ కోర్‌లోకి వెళ్లొస్తుంది. ఈ కోర్ ఒక బుల్లి రేడియేటర్. బ్లోయర్ దాని మీదుగా గాలి తోస్తుంది. మనం నాబ్ తిప్పితే కదిలేది బ్లెండ్ డోర్ అనే చిన్న రేకు. ఎంత గాలి కోర్ మీదుగా పోవాలో అదే తేలుస్తుంది.

ఎలక్ట్రిక్ కార్లలో ఇంజిన్ ఉండదు కాబట్టి వేడికి బ్యాటరీ కరెంటే ఖర్చవుతుంది. అందుకే చలిదేశాల్లో వాటి రేంజ్ తగ్గుతుంది.

మనకేంటి లాభం?

మొదటిది, అద్దం. లోపల ఆవిరి పడితే గాలిని అద్దం వైపు పెట్టి, వేడి పెంచి, ఏసీ కూడా ఆన్ చేయండి. ఏసీ తేమను లాగేస్తుంది, వేడి అద్దాన్ని ఆరబెడుతుంది. లోపలి గాలే తిరిగే రీసర్క్యులేషన్ బటన్ ఆపేయండి.

రెండోది, ఎండాకాలం. టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత వైపు పోతుంటే ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్‌ని ఫుల్ వేడి, ఫుల్ స్పీడ్‌లో పెట్టండి. ఆ బుల్లి రేడియేటర్ కూడా ఇంజిన్ వేడిని కొంత బయటికి లాగుతుంది. చెమటలు పడతాయి, కానీ బండి పక్కకి తీసి ఆపేంత సమయం దొరకొచ్చు. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయొద్దు. మరిగే నీళ్లు మొహం మీదికి ఎగజిమ్ముతాయి.

ఇవి గమనించండి

• లోపల తియ్యటి వాసన, అద్దం మీద జిడ్డు పొర, డ్యాష్‌బోర్డ్ కింద మ్యాట్ తడి: హీటర్ కోర్ కారుతుండొచ్చు. ఏసీ నీళ్లకి రంగు, జిడ్డు ఉండవు. కూలెంట్‌కి ఉంటాయి.
• ఇంజిన్ వేడెక్కినా చల్లగాలే వస్తోంది: కూలెంట్ తగ్గి ఉండొచ్చు. ఇంజిన్ చల్లారాక ముందు అది చూడండి.
• ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లోనే తిరుగుతోంది: చాలావరకు బ్లోయర్ రెసిస్టర్ పోయినట్టే.
• గాలి బాగా తక్కువ: క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో నిండి ఉండొచ్చు. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది.

కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసే అలవాటు మానండి. లోపల తుప్పు, సున్నం పేరుకుంటే సన్నటి దారులున్న హీటర్ కోర్ త్వరగా మూసుకుపోతుంది.

కొత్త కోర్ వేయించాను. డ్యాష్‌బోర్డ్ మొత్తం విప్పాల్సొచ్చింది, ఒక రోజు పట్టింది. మళ్లీ అదే రోడ్డులో, అదే మంచులో వెళ్లాం. ఈసారి నాన్న తువ్వాలు భుజం మీదే ఉంది.