మెదడు కింద పంచాంగం!

ఉగాది ఎప్పుడో పంచాంగం చూస్తే తెలిసిపోతుంది. మరి కాపరి కూడా లేని అడవి గొర్రెకు ఎవరు చెబుతారు?

స్కాట్లాండ్‌కు పశ్చిమాన, అట్లాంటిక్ సముద్రంలో సెయింట్ కిల్డా దీవులున్నాయి. అక్కడి సోయే గొర్రెలు ఏటా నవంబరు వచ్చేసరికి ఎదకొస్తాయి. అయిదు నెలలు కడుపు మోసి ఏప్రిల్లో ఈనుతాయి. ఆ లెక్క తప్పిందా... అంతే! ముందే పుట్టిన పిల్ల చలిగాలికి తట్టుకోలేదు, మేత లేక తల్లికి పాలూ పడవు. ఆలస్యంగా పుడితే ఒంట్లో కొవ్వు పట్టేలోపే మళ్లీ చలికాలం.

ఆదుకునే మనిషీ లేడు. ఆ దీవుల్లో మిగిలిన 36 మంది 1930 ఆగస్టులో ఇళ్లు వదిలి వెళ్లిపోయారు. 1932లో సోయే దీవి నుంచి 107 గొర్రెల్ని తెచ్చి పక్కనున్న హిర్టా దీవిలో వదిలారు. ఇప్పుడున్నది వాటి సంతతే. మేత వేసేవారు లేరు. ఉన్ని కత్తిరించే పని అసలే లేదు, వేసవి మొదట్లో దానంతటదే ఊడిపోతుంది. కొన్ని చలికాలాల్లో మందలో సగానికి పైగా చచ్చిపోతాయి.

మరి నెల తప్పకుండా ఈనడం ఎలా? రహస్యం మెదడు కింద వేలాడే పీయూష గ్రంథిలో ఉంది. మనిషిలో అయితే అది బఠాణీ గింజంత.

చీకటి పడగానే మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోనును వదులుతుంది. రాత్రి పొడవైతే ఎక్కువసేపు, పొట్టిదైతే కొద్దిసేపు. పీయూష గ్రంథి తొడిమను చుట్టి ఉండే పల్చని పొర దాన్ని పసిగడుతుంది. ఈ పొర పేరు పార్స్ ట్యూబరాలిస్. పగళ్లు పెరిగేకొద్దీ ఇందులోని కణాలు థైరాయిడ్‌ను ప్రేరేపించే హార్మోనును తయారుచేస్తాయి. తమాషా ఏమిటంటే, అది థైరాయిడ్‌కు కాదు, వెనక్కి మెదడుకే వెళ్తుంది. 'వేసవి వచ్చింది' అని కబురు!

మెదడులోని హైపోథాలమస్ ఆజ్ఞాపిస్తే పీయూష గ్రంథి పాటిస్తుందని చాలాకాలం అనుకున్నారు. జెరాల్డ్ లింకన్ బృందం సోయే పొట్టేళ్లలో ఆ రెండింటి మధ్య సంబంధాన్ని తెంచి, నెలల తరబడి మార్పులేని నిడివి గల పగటి వెలుతురులో ఉంచింది. అయినా ప్రొలాక్టిన్ హార్మోను రుతువులు మారుతున్నట్టే పెరిగింది, తగ్గింది, మళ్లీ పెరిగింది. 2006లో ఈ సంగతి వెల్లడైంది. ఆఫీసరు దగ్గర ఉందనుకున్న క్యాలెండరు గుమాస్తా సొరుగులో దొరికినట్టు!

2015లో మాంచెస్టర్, ఎడిన్‌బరో శాస్త్రవేత్తలు ఆ సొరుగూ తెరిచారు. గొర్రెల్లోని ఆ పొరలో ఒక్కో కణం స్విచ్చులాంటిదని తేల్చారు. అయితే 'వేసవి', లేకుంటే 'శీతకాలం', మధ్యస్థం లేదు. రుతువు మారేటప్పుడు రెండు రకాలూ కలగలిసి ఉంటాయి. ఎటు వాటి సంఖ్య ఎక్కువైతే శరీరం అటు మొగ్గుతుంది.

అదే కబురుకు అన్ని జంతువులూ ఒకేలా స్పందించవు. వేసవి కబురు అందితే గొర్రె జతకట్టడం మానేస్తుంది. సైబీరియా చిట్టెలుక మొదలుపెడుతుంది. దానికి కడుపు 18 రోజులే కదా, వేసవి పోయేలోపే పిల్లలు పెరిగిపోతాయి.

మన దగ్గర ఈ లెక్క అంత పట్టింపుగా ఉండదు. హైదరాబాద్‌లో ఏడాదిలో అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా సుమారు రెండు గంటలే. సెయింట్ కిల్డాలో దాదాపు 11 గంటలు. వేడి ప్రాంతాల గొర్రెలు ఎదకు రావడంలో వెలుతురు కంటే మేతకే ప్రాధాన్యం ఎక్కువ.

ఉత్తరాదిన మాత్రం చిక్కొచ్చిపడింది. భూమి వేడెక్కి గడ్డి ముందే మొలుస్తోంది. రాత్రి నిడివి మాత్రం మారదు. పశ్చిమ గ్రీన్‌లాండ్‌లో కారిబూ దుప్పులు ఈనే వేళకు లేత మేత ముదిరిపోతోందని, ఆ తేడా పెరిగిన ఏడాది పిల్లల చావులూ పెరిగాయని 2008లో వచ్చిన అధ్యయనం చెప్పింది.