ఎత్తుకుంటే బిడ్డ చెడిపోతుందా?

‘ఏడ్చినప్పుడల్లా ఎత్తుకోకు, చేతులు మరుగుతాడు’ అన్న మాట పసిబిడ్డ ఉన్న ఇంట్లో వినిపించకుండా ఉండదు. ఏడుపు ఒక ఎత్తుగడ అనీ, లొంగితే మొండితనం వస్తుందనీ దాని వెనకున్న నమ్మకం. ఇది ఒక్క మన పెద్దల మాటే కాదు. పిల్లల్ని ముద్దాడవద్దు, ఒళ్ళో కూర్చోబెట్టుకోవద్దు అని అమెరికా మనస్తత్వవేత్త జాన్ వాట్సన్ 1928లో పుస్తకమే రాశాడు.

తర్వాతి పరిశీలనలు వేరే సంగతి చెప్పాయి. సిల్వియా బెల్, మేరీ ఎయిన్స్‌వర్త్ బాల్టిమోర్‌లో 26 మంది పసిపిల్లల్ని ఏడాది పాటు గమనించి, 1972లో ఫలితాలు ప్రకటించారు. తొలి నెలల్లో ఏడవగానే తల్లి పలికిన పిల్లలు ఏడాది చివరికొచ్చేసరికి తక్కువ ఏడ్చారు. వాళ్ళు అసలే తక్కువ ఏడ్చే పిల్లలు కావడం వల్లే తల్లులు వెంటనే పలకగలిగారేమో అని విమర్శకులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే, దాన్ని తేల్చడానికి ప్రయోగం కావాలి. 1986లో మాంట్రియల్‌లో హంజికర్, బార్ అనే పరిశోధకులు బిడ్డల్ని రోజూ అదనంగా ఎత్తుకోమని కొందరు తల్లులకు చెప్పి చూశారు. ఆరు వారాల వయసులో ఆ పిల్లల ఏడుపు మిగతావారికన్నా 43 శాతం తక్కువ. గుక్కపట్టి గంటలకొద్దీ ఏడ్చే పిల్లల్లో ఈ ఫలితం కనిపించలేదు కాబట్టి ఇది సర్వరోగనివారిణి కాదు. అలాగే పొయ్యి దగ్గరున్న తల్లి రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చినంత మాత్రాన బంధం తెగిపోదు.

మరి కొట్లో బొమ్మ కోసం నేలమీద దొర్లే రెండేళ్ళవాణ్ణీ ఎత్తుకోవాలా? ఎత్తుకోవచ్చు, బొమ్మ మాత్రం కొనక్కర్లేదు. ఓదార్చడమూ లొంగడమూ ఒకటే అనుకోవడంలోనే చిక్కంతా ఉంది. కోపాన్ని అదుపుచేసే మెదడు భాగం ఇరవైల వయసుదాకా ఎదుగుతూనే ఉంటుంది. అంతవరకూ పెద్దల నిదానమే వాడికి ఆసరా. ‘కావాలనిపించింది, దొరకలేదు, కోపమొచ్చింది కదూ’ అని పక్కన కూర్చుంటే తన మనసులో ఏముందో వాడికి తెలుస్తుంది. ‘మగాడివి, ఏడుస్తావా’ అంటే దాచుకోవడం నేర్చుకుంటాడు. నోరు మూయించడానికి ఫోన్ చేతికివ్వడం అంతకన్నా తేలిక, కానీ రెండేళ్ళలోపు పిల్లలకైతే అసలు తెరే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

ఎనిమిది, తొమ్మిది నెలల బిడ్డ కొత్తవాళ్ళని చూసి ఏడిస్తే కంగారుపడకండి, తనవాళ్ళెవరో తెలిసినందుకే ఆ ఏడుపు. గమనించాల్సినవి వేరే ఉన్నాయి. ఏడాది నిండినా పేరుపెట్టి పిలిస్తే తిరగకపోయినా, ఏడాదిన్నరకీ వేలితో దేన్నీ చూపించకపోయినా, వచ్చిన మాటలు పోయినా ‘వాడే నేర్చుకుంటాడులే’ అని ఆగవద్దు. అంగన్‌వాడీ టీచర్‌కో, పిల్లల డాక్టరుకో వెంటనే చూపించండి.