ఇంటిలో పాట ముద్రణ – కంప్యూటర్ అమరిక

శ్రుతిని తల్లిగా, లయను తండ్రిగా భావించిన సంప్రదాయం మనది. ఇంటిలో కంప్యూటర్‌పై పాటను ముద్రించుకొనేవారు మొదట కాపాడుకోవలసినది ఆ లయనే.

మైక్రోఫోన్ ధ్వనిని విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. ఆడియో ఇంటర్‌ఫేస్ అనే పరికరం ఆ సంకేతాన్ని సెకనుకు సాధారణంగా 44,100 సార్లు కొలిచి, అంకెల రూపంలో కంప్యూటర్‌కు అందిస్తుంది.

కంప్యూటర్ ఈ కొలతలను విడివిడిగా గాక, కొన్నింటిని పోగుచేసి స్వీకరిస్తుంది. ఆ పోగుకే బఫర్ అని పేరు. 1,024 కొలతల బఫర్ నిండడానికి సుమారు 23 మిల్లీసెకన్లు పడుతుంది. ధ్వని తిరిగి వెలువడేటప్పుడు మరల అంతే జాప్యం కలుగుతుంది. అందువల్ల గాయకునికి హెడ్‌ఫోన్లలో తన గొంతు వెనుకబడి వినిపించి తాళం తప్పుతుంది.

కనుక పాడేటప్పుడు బఫర్‌ను 128కి తగ్గించాలి. ప్రాసెసర్ ఆ వేగాన్ని అందుకోలేకపోతే పాటలో చిటపట శబ్దాలు చేరతాయి. అందుచేత ముద్రణ వేళ ఇతర ప్రోగ్రాములను మూసివేయాలి. పాడడం ముగిసి, స్వరాలను మేళవించే దశలో బఫర్‌ను తిరిగి పెంచుకోవచ్చు.