సొసైటీ అంటే యూరియా లైనేనా?

మన ఊళ్లలో సొసైటీ అనగానే గుర్తొచ్చేవి యూరియా కోసం వరుసలో పెట్టిన చెప్పుల జతలు, పంట రుణం, చైర్మన్ కుర్చీ కోసం పార్టీల కొట్లాట. అందుకే పనివాళ్లే యజమానులుగా నడుపుకునే సహకార సంఘాల మాట ఎత్తితే చాలామంది పెదవి విరుస్తారు. వాళ్లవి కొన్ని అపోహలు. సహకారాన్ని నెత్తిన పెట్టుకునేవాళ్లదీ ఒకటుంది. అది చివర్లో.

అపోహ: సహకార సంఘమంటే మరో ప్రభుత్వ శాఖ.

1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 28 మంది నేతగాళ్లు, ఇతర చేతిపనివాళ్లు తలా కొంత వేసుకుని సరుకుల కొట్టు తెరిచారు. అందులో ప్రభుత్వం ఊసే లేదు. మన దగ్గర మాత్రం 1904 సహకార చట్టంతోపాటే రిజిస్ట్రారూ వచ్చాడు. ఆనక సర్కారు వాటాధనం, దాని వెంటే పాలకవర్గాన్ని రద్దు చేసే అధికారం. ఈ ముడిని విప్పడానికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తెచ్చారు. దేశంలో అలాంటి చట్టం అదే మొదటిది. ములుకనూరు మహిళల డెయిరీ ఆ చట్టం కింద పుట్టిందే.

అపోహ: కూలీలకు పని తెలుసుగానీ వ్యాపారం తెలియదు.

దీనికి జవాబు కేరళలోని ఊరాలుంగల్‌లో ఉంది. 1925లో అదీ మన కోస్తా జిల్లాలూ ఒకే మద్రాసు ప్రెసిడెన్సీ. కులాచారాలను ధిక్కరించిన సంఘ సంస్కర్త వాగ్భటానందుడి వెంట నడిచారన్న కోపంతో భూస్వాములు కూలీలకు పనులివ్వడం మానేశారు. పని ఇచ్చేవాడు లేనప్పుడు పని తామే తెచ్చుకోవాలని 14 మంది కలిసి సంఘం పెట్టుకున్నారు. చిన్నచిన్న కాంట్రాక్టులతో మొదలైన ఆ సంఘం ఇప్పుడు వంతెనలు కడుతోంది, కోళికోడ్‌లో ఐటీ పార్కు నడుపుతోంది. జాతీయ రహదారి 66లో కాసరగోడ్ జిల్లాలోని తలప్పాడి–చెంగల భాగం వేసింది ఈ కూలీల సంఘమే. డైరెక్టర్లను పనివాళ్లు తమలోంచే ఎన్నుకుంటారు. మన కాంట్రాక్టర్లు ఏ రోడ్డు ఎలా వేస్తారో చూసినవాళ్లకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

ఇండియన్ కాఫీ హౌస్ కథా ఇలాంటిదే. కాఫీ బోర్డు తీసేసిన పనివాళ్లు, కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో 1957 నుంచి సంఘాలుగా ఏర్పడి సొంతంగా నడుపుకుంటున్నారు.

అపోహ: అందరికీ ఒకటే జీతం.

కాదు. ఒకటే ఓటు. స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతపు మోండ్రాగాన్ సంఘాల్లో మేనేజరుకు ఎక్కువే ముడుతుంది. కానీ చాలా సంఘాల్లో అది అట్టడుగు జీతానికి ఆరు రెట్లు దాటదు. ఆ హద్దు గీసేది సభ్యులే.

అపోహ: యజమాని లేకపోతే పెట్టుబడిదారీ కష్టాలూ ఉండవు.

ఇది అభిమానులది, వదిలించడం అన్నిటికన్నా కష్టం. మోండ్రాగాన్‌లో మొదటి సంఘం 1956లో ఒక కేథలిక్ ఫాదరీ శిష్యులు పెట్టినది. స్టవ్‌లు, ఫ్రిజ్‌లు చేసే ఫాగోర్‌గా ఎదిగింది. 1974లో అక్కడా సమ్మె జరిగింది. దాన్ని నడిపినవాళ్లను సంఘం బయటికి పంపేసింది. ఓటు ఉన్నంత మాత్రాన మేనేజరుతో పేచీ తీరదన్నమాట.

లాభాల్లో సభ్యుడి వాటా అక్కడ నగదుగా చేతికి రాదు. అతని పేరున ఖాతాలో జమై, పదవీ విరమణ దాకా సంఘానికి పెట్టుబడిగా ఉంటుంది. నష్టమొస్తే కోత పడేదీ ఆ ఖాతాకే. ఇళ్ల నిర్మాణం కుప్పకూలి స్పెయిన్‌లో ఫ్రిజ్‌లు కొనేవాళ్లు తగ్గారు. 2013లో ఫాగోర్ దివాలా తీసింది, ఆ డబ్బూ పోయింది. అయితే బాస్క్ సభ్యుల్లో చాలామందిని మిగతా సంఘాలు పనిలోకి తీసుకున్నాయి. మామూలు కంపెనీ మూతపడితే ఈ ఆసరా దొరకదు.

పోలండులోనూ ఫాగోర్‌కు ఫ్యాక్టరీ ఉండేది. అక్కడివాళ్లు సభ్యులు కారు, జీతగాళ్లు. దివాలాకు ముందు వాళ్లకు ఓటు లేదు, తర్వాత ఆ ఆసరా కూడా లేదు.