డేటాబేసు క్వెరీలలో వారాంతపు తేదీల గుర్తింపు

డేటాబేసులో నమోదైన ఒక తేదీ వారాంతపు సెలవులో వచ్చినదా, లేక పనిదినమా అని క్వెరీ ద్వారా తేల్చడాన్ని వారాంతపు తేదీ గుర్తింపు అంటారు. జీతాల లెక్క, హాజరు పట్టీ, బ్యాంకు వాయిదాల గడువు, రైతులకు చెల్లింపులు వంటి పనులలో దీని అవసరం కలుగుతుంది. ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. ఆ తేదీ ఆదివారమా, సోమవారమా అన్నది మొదటిది. దీనికి గణితం సమాధానమిస్తుంది. ఆ రోజు సెలవా కాదా అన్నది రెండవది; ఇది ప్రాంతాన్ని, కాలాన్ని, సంస్థను బట్టి మారుతుంది. ఈ రెంటినీ విడదీసి చూడకపోతే క్వెరీ తప్పు ఫలితమిస్తుంది.

వారపు రోజుల సంఖ్యలు

డేటాబేసు వ్యవస్థలు వారపు రోజును సాధారణంగా ఒక సంఖ్యగా తెలుపుతాయి. ఆ సంఖ్య అన్ని వ్యవస్థలలోను ఒకటి కాదు.

* మైఎస్‌క్యూఎల్: 'డేఆఫ్‌వీక్' ఫంక్షనులో ఆదివారం 1, శనివారం 7. 'వీక్‌డే' ఫంక్షనులో సోమవారం 0, ఆదివారం 6.
* పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్: 'డీఓడబ్ల్యూ' పద్ధతిలో ఆదివారం 0, శనివారం 6. 'ఐఎస్ఓడీఓడబ్ల్యూ' పద్ధతిలో సోమవారం 1, ఆదివారం 7.
* ఎస్‌క్యూలైట్: ఆదివారం 0, శనివారం 6.
* ఎస్‌క్యూఎల్ సర్వర్: 'డేట్‌ఫస్ట్' అమరికను బట్టి సంఖ్య మారుతుంది. అమెరికా ఆంగ్లంలో వారం ఆదివారంతోను, బ్రిటిష్ ఆంగ్లంలో సోమవారంతోను మొదలవుతుంది.
* ఒరాకిల్: వారపు రోజు సంఖ్య దేశం అమరికపైన, రోజు పేరు భాష అమరికపైన ఆధారపడతాయి.

కనుక ఒక కంప్యూటరులో సరిగా పనిచేసిన క్వెరీ, అమరిక వేరుగా ఉన్న మరొక కంప్యూటరులో శుక్రవారాన్ని శనివారంగా చూపవచ్చు. ఇటువంటి సందర్భంలో ఏ హెచ్చరికా రాదు.

అమరికపై ఆధారపడని పద్ధతి

1900 జనవరి 1 సోమవారం. ఆనాటి నుండి కావలసిన తేదీ వరకు గడచిన రోజులను 7తో భాగిస్తే శేషం 0 సోమవారాన్ని, 5 శనివారాన్ని, 6 ఆదివారాన్ని సూచిస్తాయి. ఉదాహరణకు తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన 2014 జూన్ 2 నాటికి గడచిన రోజులు 41,790. శేషం 0, అనగా సోమవారం. 1900కు పూర్వపు తేదీలకు శేషం రుణసంఖ్యగా రావచ్చు. అప్పుడు శేషానికి 7 కలిపి తిరిగి 7తో భాగించాలి.

సెలవు నియమం మారే సందర్భాలు

నిజామాబాదు జిల్లాలోని మోస్రా, బోధన్ ప్రాంతం 1948 వరకు హైదరాబాదు సంస్థానంలో ఉండేది. సంస్థానంలో ప్రభుత్వ కార్యాలయాలకు శుక్రవారం వారపు సెలవు. నిజాం కాల్పుల విరమణ ప్రకటించిన 1948 సెప్టెంబరు 17 నాటికి పై లెక్క ప్రకారం శేషం 4, అనగా శుక్రవారం. శని, ఆదివారాలను మాత్రమే వెదికే క్వెరీ ఆ రోజును పనిదినంగా చూపుతుంది.

ఈ జిల్లా నుండి ఎంతోమంది ఉపాధికై గల్ఫ్ దేశాలకు వెళ్ళారు. అక్కడి నియమాలు కూడా మారుతూ వచ్చాయి. సౌదీ అరేబియా 2013 జూన్‌లో వారాంతాన్ని గురు, శుక్రవారాల నుండి శుక్ర, శనివారాలకు మార్చినది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఫెడరల్ కార్యాలయాలకు 2022 జనవరి నుండి శని, ఆదివారాలు పూర్తి సెలవు, శుక్రవారం సగం దినం సెలవు.

భారతదేశంలో 2015 సెప్టెంబరు 1 నుండి బ్యాంకులకు రెండవ, నాల్గవ శనివారాలు సెలవు. శనివారం వచ్చిన తేదీ 8 నుండి 14 లోపు ఉంటే అది రెండవ శనివారం. 22 నుండి 28 లోపు ఉంటే నాల్గవ శనివారం.

చక్కెర కర్మాగారాల పరిస్థితి వేరు. నరికిన చెరకును నిలువ ఉంచితే అందులోని చక్కెర తగ్గిపోతుంది. అందువలన గానుగ కాలంలో ఆదివారం నాడు కూడా పని సాగుతుంది. కార్మికులకు సెలవు వంతులవారీగా లభిస్తుంది. అటువంటి చోట వారపు సెలవును తేదీని బట్టి కాక, ఒక్కొక్క కార్మికుని వంతు పట్టికను బట్టి తెలుసుకోవాలి.

సెలవుల పట్టిక

సెలవు నియమాలను క్వెరీలో వ్రాయక వేరొక పట్టికలో ఉంచడం మేలు. ప్రాంతం లేదా సంస్థ, వారపు రోజు సంఖ్య, నియమం మొదలైన తేదీ, ముగిసిన తేదీ అను నాలుగు నిలువు వరుసలు ఇందుకు కనీసం అవసరం. నియమం మారినప్పుడు పాత వరుసను తొలగించక ముగింపు తేదీ వ్రాసి, కొత్త వరుస చేర్చాలి. అప్పుడు పాత జీతాల లెక్కలు మారవు. నెలలో ఎన్నవ శనివారం అన్న నియమానికి మరొక నిలువు వరుస కావాలి.

గమనించవలసిన విషయాలు

* సమయాన్ని అంతర్జాతీయ ప్రామాణిక కాలంలో దాచినట్లయితే ముందుగా భారత కాలానికి మార్చాలి. భారతదేశంలో సోమవారం తెల్లవారుజామున 3 గంటలైనప్పుడు ప్రామాణిక కాలం ప్రకారం ఆదివారం రాత్రి 9:30 మాత్రమే.
* తేదీ ఖాళీగా ఉన్న నమోదులు వారాంతపు జాబితాలో గాని, పనిదినాల జాబితాలో గాని రావు. వాటిని విడిగా లెక్కించాలి.
* లక్షల నమోదులలో ప్రతి తేదీకి ఫంక్షను వర్తింపజేస్తే ఆ తేదీపై ఉన్న సూచిక ఉపయోగపడక క్వెరీ నెమ్మదిస్తుంది. తేదీకి ఒక వరుస చొప్పున ముందే సిద్ధం చేసిన క్యాలెండరు పట్టికతో జతపరిస్తే ఆ లెక్కను ప్రతిసారీ చేయనక్కరలేదు. నూరేళ్ళ క్యాలెండరుకు సుమారు 36,525 వరుసలు మాత్రమే అవుతాయి.