తేయాకు తోటలు లేని వేసవి విడిది: అండమాన్‌లోని మౌంట్ మణిపూర్

వేసవి విడిది అన్న మాటకు ఊటీ, మున్నార్, డార్జిలింగ్ కొండవాలుల మీది తేయాకు తోటలు కళ్లముందు కదులుతాయి. అండమాన్ దీవులలోనూ ఒకప్పుడు పాలకుల వేసవి విడిదిగా వెలసిన కొండ ఒకటి ఉంది. దాని పేరు మౌంట్ హ్యారియట్. 2021 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం దానిని మౌంట్ మణిపూర్‌గా మార్చింది. అయితే ఆ కొండ మీద తేయాకు తోట కనిపించదు. అక్కడ కనిపించేది దట్టమైన వర్షారణ్యం.

దక్షిణ అండమాన్‌లో, శ్రీ విజయపురం నౌకాశ్రయానికి ఆవలి ఒడ్డున ఈ కొండ ఉంది. 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్‌గా ప్రసిద్ధమైన నగరమే నేటి శ్రీ విజయపురం. కొండ ఎత్తు సుమారు 365 మీటర్లు. ప్రతి వేయి మీటర్లకు ఉష్ణోగ్రత ఆరు డిగ్రీలకు పైగా తగ్గుతుంది కనుక, ఇక్కడ సముద్రతీరం కంటే రెండు డిగ్రీలు మాత్రమే చల్లదనం ఉంటుంది. దాదాపు 2,240 మీటర్ల ఎత్తున ఉన్న ఊటీతోనే కాదు, సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న మన అరకుతో కూడా దీనికి పోలిక లేదు. ఇక్కడి హాయికి ఎత్తు కంటే సముద్రపు గాలి, చెట్ల నీడ ప్రధాన కారణాలు. రాస్ దీవి కేంద్రంగా పాలన సాగించిన బ్రిటిష్ అధికారులు వేసవిలో ఇక్కడికి చేరింది అందుకే. 1862 నుంచి 1864 వరకు పోర్ట్ బ్లెయిర్ శిక్షాస్థావరానికి అధిపతిగా ఉన్న రాబర్ట్ టైట్లర్ భార్య హ్యారియట్ పేరు ఈ శిఖరానికి పెట్టారు.

ఆ విడిది చరిత్రలో రక్తపు మరక ఉంది. 1872 ఫిబ్రవరి 8న అప్పటి వైస్రాయ్ లార్డ్ మేయో ఈ కొండ ఎక్కారు. ఇక్కడ ఆరోగ్య కేంద్రం నెలకొల్పే అవకాశాన్ని పరిశీలించి, సూర్యాస్తమయం చూసి, చీకటి పడ్డాక దిగువన ఉన్న హోప్ టౌన్ రేవుకు చేరుకున్నారు. అక్కడ షేర్ అలీ అఫ్రీదీ అనే ఖైదీ కత్తితో పొడవడంతో మరణించారు. షేర్ అలీని ఆ మరుసటి నెలలో వైపర్ దీవిలో ఉరితీశారు. పదవిలో ఉండగా హత్యకు గురైన ఏకైక వైస్రాయ్ మేయో.

కొత్త పేరు వెనుకా నిర్బంధ చరిత్రే ఉంది. 1891లో ఆంగ్లో-మణిపూర్ యుద్ధం ముగిశాక మహారాజు కులచంద్ర సింగ్ సహా 23 మందిని అండమాన్‌కు ప్రవాసం పంపి, ఈ కొండ ప్రాంతంలో ఉంచారు. ఈ దీవులతో తెలుగువారికీ ఇటువంటి బంధమే ఉంది. 1922-24 నాటి మన్యం పోరాటంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవారిలో కొందరు అండమాన్‌లో శిక్ష అనుభవించారు.

మరి తేయాకు సంగతి ఏమిటి? అండమాన్ దానికి పూర్తిగా కొత్త నేల కాదు. శిక్షాస్థావరం రోజులలో పోర్ట్ బ్లెయిర్ సమీపాన నేవీ బే వద్ద ఖైదీల శ్రమతో తేయాకు తోటను నడిపారు. తేయాకుకు ఎత్తైన కొండలే కావాలన్న నియమం లేదు. అస్సాం తోటలలో అధికభాగం మైదానంలోనే ఉన్నాయి. ఆమ్లగుణం గల నేల, నీరు నిలవని వాలు, ఏడాదిలో ఎక్కువ నెలలకు పంచినట్లు కురిసే వాన దానికి అవసరం. అండమాన్‌లో రెండు రుతుపవనాలూ వర్షిస్తాయి. అయితే జనవరి నుంచి ఏప్రిల్ వరకు వాన తక్కువ. నేడు ఈ దీవులలో కొబ్బరి, వక్క తోటలదే పైచేయి.

తేయాకు కార్మికుల జీవితాలకు మాత్రం ఈ ద్వీపసమూహంతో మరో ముడి ఉంది. 1964 నాటి భారత్-శ్రీలంక ఒప్పందం ప్రకారం శ్రీలంక నుంచి తిరిగివచ్చిన తమిళ తోట కార్మికుల కుటుంబాలలో కొన్నింటికి నికోబార్ దీవులలోని కచ్చాల్‌లో రబ్బరు తోటల వద్ద ఆశ్రయం కల్పించారు. 2004 డిసెంబరు 26న విరుచుకుపడిన సునామీలో తీవ్రంగా దెబ్బతిన్న దీవులలో కచ్చాల్ ఒకటి.

మౌంట్ మణిపూర్ ఇప్పుడు జాతీయ ఉద్యానం. అందువల్ల వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవిని నరికి తోటలు వేయడానికి వీలులేదు. ఈ రక్షణ పక్షులకు, వృక్షాలకు మాత్రమే పరిమితమైనది కాదు. చిన్న దీవులలో కురిసిన వాన త్వరగా సముద్రంలో కలిసిపోతుంది. ఆ నీటిని నేలలోకి ఇంకించేది, వాలుల మీది మట్టి కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది అడవే. అండమాన్ పడాక్, గర్జన్ వంటి మహావృక్షాలు, ఈ దీవులకే ప్రత్యేకమైన పక్షిజాతులు ఇక్కడి సంపద.

ఈ కొండను చూడదలచినవారు విమానంలో గానీ, చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతాల నుంచి నడిచే ఓడలలో గానీ శ్రీ విజయపురం చేరుకోవచ్చు. చాథం రేవు నుంచి పడవలో బాంబూ ఫ్లాట్‌కు దాటి, అక్కడి నుంచి రోడ్డు మార్గాన పైకి వెళ్లాలి. దారిలో కనిపించే నార్త్ బే దీపస్తంభం దృశ్యమే పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనుక ముద్రితమైంది. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు అనువైన కాలం. వానాకాలంలో అడవి దారులు జారుతాయి, జలగల బెడదా ఉంటుంది.

యాత్రికులు మరువరాని విషయం మరొకటి ఉంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ సమీపం నుంచి పోతుంది. శ్రీ విజయపురం దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, ఇక్కడి సూర్యుడు గడియారం కంటే దాదాపు నలభై నిమిషాలు ముందుంటాడు. డిసెంబరులో సాయంత్రం అయిదు గంటలకే సూర్యాస్తమయమవుతుంది. కనుక ఉదయమే బయలుదేరి, వెలుతురు ఉండగానే కొండ దిగడం మేలు.