పస్కా పండుగ – పసివారి చదువు



అక్షరము రాని పసివానికి తన జాతి చరిత్రమును నేర్పుట యెట్లు? ఇందుకు యూదులు అవలంబించు పద్ధతి యొకటి కలదు. దానిని గూర్చి నేడు మీకు విన్నవింపదలచితిని.

యూదుల ముఖ్యమైన పండుగలలో పస్కా యొకటి. అది వసంతకాలమున, వారి నీసాను మాసములో 15వ నాటి రాత్రి ప్రారంభమగును. తమ పూర్వులు ఐగుప్తులో దాస్యము చేసి, తుదకు విముక్తులై వెడలిరనియు, బయలుదేరు తొందరలో పిండి పులియుటకు వ్యవధి లేకపోయెననియు వారి పవిత్రగ్రంథము చెప్పుచున్నది. కావున ఇజ్రాయేలులో 7 దినములు, ఇతర దేశములలో సామాన్యముగా 8 దినములు వారు పులిసిన రొట్టెను ముట్టరు. 'మట్సా' యను పొంగని రొట్టెనే తిందురు.

శిశుపాఠశాలలలో మూడు మొదలు అయిదేండ్ల వరకు గల బిడ్డలు పండుగకు ముందు ఈ రొట్టెను తామే చేయుట కలదు. పిండిపై నీరు పడినది మొదలు 18 నిమిషములలో కాల్చుట ముగియవలెనని నియమము. ఉపాధ్యాయిని గడియారమును ఎదుట నుంచును. ఒకడు పిండి పిసుకును. ఒకతె కర్రతో వత్తును. మరియొకడు రొట్టె పొంగకుండుటకై ముళ్ళగరిటతో చిల్లులు పొడుచును. రొట్టె వంకరగా వచ్చినను కొరత లేదు. తొందర యన నేమో ఆ చేతులకు తెలిసినది గదా!

యాపిలుపండును, అక్రోటు పప్పును దంచి, ద్రాక్షరసముతో కలిపి మరియొక ముద్ద చేయుదురు. అది బానిసలు ఇటుకపనిలో కలిపిన అడుసునకు గుర్తు. ఆకుకూరను ఉప్పునీట ముంచి రుచి చూతురు. అది కన్నీటికి గుర్తు. దాస్యమను మాట నాలుగేండ్ల బిడ్డకు అర్థము కాదు. చేదాకు నాలుకకు తగిలినచో చేదు మాత్రము తెలియును.

అయినను పని యింతటితో నిలిచినచో అది వంటయాట మాత్రమే యగును. పండుగ రాత్రి భోజనమువద్ద ఇంటిలోని కడగొట్టు బిడ్డ, ఈ రాత్రికిని తక్కిన రాత్రులకును భేదమేమని అడుగవలెను. క్రీ.శ. 200 ప్రాంతమున సంకలితమైన మిష్నా యను ధర్మగ్రంథము, బిడ్డకు అడుగుట తెలియనిచో తండ్రియే నేర్పవలెననియు, వాని తెలివికి తగినట్లు బోధింపవలెననియు విధించినది. బిడ్డలు నిద్రపోకుండుటకై రొట్టె తునుక నొకదానిని దాచి, వెదకి తెచ్చినవారికి బహుమానము నిచ్చు ఆచారమును గలదు.

క్రీ.శ. 70లో రోమనులు యెరూషలేములోని దేవాలయమును కూల్చిరి. అచట జరుగు పస్కా బలి నిలిచిపోయెను. ఆ జనులు పెక్కు దేశములలో చెదరియుండిరి. గుడి లేకపోయినను భోజనపు బల్ల మిగిలినది; దానియొద్ద బిడ్డ ప్రశ్నయు, పెద్దల సమాధానమును మిగిలినవి. ఇన్ని తరములుగా ఆ జ్ఞాపకము నిలుచుటకు ఈ రెండును గొప్ప ఆధారములని నా తలంపు.

బడిలో చేతులు నేర్చిన పాఠము ప్రశ్నయై ఇంటికి వచ్చును. దానిని విని, విసుగక బదులు చెప్పుట ఇంటి పెద్దల వంతు. ఆ పని ఏ ఉపాధ్యాయుడును వారికి బదులుగా చేయలేడు.